గొలుసు రంపం పళ్ళకు పదును

2014వ సంవత్సరం అక్టోబరు 12వ తేదీ, ఆదివారం. విశాఖపట్నం వాసులు ఎవ్వరూ మరచిపోలేని రోజు. హుద్‌హుద్ తుఫాను ఆ మధ్యాహ్నం నేరుగా నగరం మీదనే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా పోయింది. గాలి నెమ్మదించాక తలుపులు తీసి చూస్తే మా ద్వారకా నగర్ వీధి వీధిలా లేదు. నిద్రగన్నేరు చెట్లు వేళ్ళతో సహా పెకలించుకుని దారికి అడ్డంగా పడి ఉన్నాయి. తురాయి కొమ్మలు కరెంటు తీగలను కిందికి లాగేశాయి. పాలు తేవాలన్నా, జబ్బుపడిన వారిని ఆసుపత్రికి చేర్చాలన్నా ముందుగా ఆ చెట్లను కోసి తొలగించాలి. జాతీయ విపత్తు సహాయ దళాల వారు, నౌకాదళం వారు పెద్ద రోడ్లమీద పని మొదలుపెట్టారు. సందుల్లో ఎవరి తంటాలు వారు పడవలసి వచ్చింది.

మా సందులోకి ఇద్దరు కుర్రవాళ్ళు ఎక్కడినుంచో ఒక గొలుసు రంపం తెచ్చారు. పెట్రోలుతో నడిచే రంపం అది. మొదటి రెండు కొమ్మలు కసుక్కున తెగిపోయాయి. మాను దగ్గరికి వచ్చేసరికి రంపం మొరాయించింది. మోటారు మాత్రం గింగురుమంటూనే ఉంది. కుర్రవాళ్ళు బలమంతా పెట్టి అదిమారు. కోతలోంచి పొగ వచ్చింది. "చెట్టు పచ్చిది, తెగటం లేదు" అన్నారు.

అక్కడే నిలబడి చూస్తున్న ఒక ముసలి వడ్రంగి మేస్త్రి వంగి, కింద రాలిన పొడిని చిటికెతో తీసి నా అరచేతిలో పోశాడు. "చూడండి మాస్టారూ, పిండి పడుతోంది. తురుము పడాలి. తప్పు చెట్టుది కాదు, పళ్ళది" అన్నాడు. మోటారు ఆపించి, రంపం చల్లారాక, తన సంచిలోంచి సన్నటి గుండ్రని ఆకురాయి ఒకటి తీసి మా అరుగుమీద కూర్చున్నాడు. అరగంట గడిచింది. తరువాత అదే రంపం, అదే మాను, అవే చేతులు. కానీ ఈసారి ఎవరూ అదమనక్కరలేకపోయింది. రంపం తన బరువుతో తానే మానులోకి దిగిపోయింది. తెల్లని తురుము ఎగిరి పడింది.

ఆ అరగంటలో మేస్త్రి చేసినదేమిటి? ఆకురాయితో రుద్ది, ఒక్కొక్క పన్ను నుంచి ఆవగింజలో సగమంత ఉక్కు తీసివేశాడు. అంతే! అంత కొద్ది ఉక్కు తీసివేస్తే అంత తేడా ఎందుకు వచ్చింది? ఈ నెల మనం తెలుసుకోబోయేది అదే.

ముందుగా ఒక మాట. గొలుసు రంపం పెద్దవారు, అదీ పని తెలిసినవారు మాత్రమే పట్టవలసిన యంత్రం. మీ ఇంట్లోనో, తోటలోనో పెద్దలు దానికి పదును పెడుతూ ఉంటే పక్కన నిలబడి చూడండి, ప్రశ్నలు అడగండి. చెయ్యి మాత్రం పెట్టకండి.

గొలుసులో ఏమున్నాయి?

పేరులోనే ఉంది కదా, ఇది సైకిలు గొలుసులాంటి గొలుసు. వెడల్పాటి ఉక్కు పలక అంచు చుట్టూ ఒక గాడి ఉంటుంది. గొలుసు ఆ గాడిలో తిరుగుతుంది. మోటారు ఒక పళ్ళ చక్రాన్ని తిప్పితే ఆ చక్రం గొలుసును లాగుతుంది. గొలుసులో మూడు రకాల లంకెలు ఉంటాయి. గాడిలోకి దిగి చక్రానికి తగులుకునే లంకెలు ఒక రకం. వాటిని ఒకదానితో ఒకటి కలిపే లంకెలు రెండో రకం. చెక్కను కోసే పళ్ళు మూడో రకం.

ఈ పళ్ళలో ఒకటి కుడి పన్ను, తరువాతది ఎడమ పన్ను, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ, ఇలా వరుసగా వస్తాయి. ఒక పన్నును దగ్గరగా చూస్తే ఒక చిన్న పాకలా కనబడుతుంది. దానికి ఒక పక్కగోడ, దానిమీద ఒక పైకప్పు ఉంటాయి. రెండో పక్కన గోడ ఉండదు. గోడా కప్పూ కలిసే ముందుమూల చాలా ముఖ్యమైనది. చెక్కను మొట్టమొదట తాకేది ఆ మూలే. పక్కగోడ అంచు చెక్క నారలను నిలువునా తెంచుతుంది. పైకప్పు అంచు ఆ తెగిన నారలను అడుగునుంచి పెకలించి పైకి లేపుతుంది.

పాకకు కాస్త ముందుగా, వాకిట్లో నిలబెట్టిన రాయిలా, ఒక చిన్న ఉక్కు గుబ్బ ఉంటుంది. అది ఏమీ కోయదు. చూడటానికి పనిలేనిదానిలా ఉంటుంది. దీన్ని మనం లోతు గుబ్బ అందాం. దీని సంగతి తరువాత చూద్దాం. రంపానికి పదును పెట్టేవారిలో ఎక్కువమంది మరచిపోయేది దీన్నే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. మోటారు నిమిషానికి 9000 చుట్లు తిరుగుతోందనుకోండి. పళ్ళ చక్రానికి 7 పళ్ళు. చక్రం ఒక పన్ను జరిగితే గొలుసు సుమారు 19 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 133 మిల్లీమీటర్లు. సెకనుకు 150 చుట్లు కనుక, గొలుసు వేగం సెకనుకు 20 మీటర్లు! గంటకు 72 కిలోమీటర్లు. హైవే మీద పోయే ఆర్టీసీ బస్సు వేగంతో ఆ పళ్ళు చెక్కమీదికి వస్తున్నాయన్న మాట. ఒక మీటరుకు కాస్త ఎక్కువ పొడవున్న గొలుసులో 28 పళ్ళు ఉంటే, ఒక్క సెకనులో 500కు పైగా పళ్ళు ఒకే చోటును దాటి పోతాయి. అందుచేత ప్రతి పన్నులోనూ ఉన్న చిన్న లోపం సెకనుకు వందలసార్లు తన ప్రభావం చూపిస్తుంది.

పురుగు నేర్పిన పాఠం

జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపాన్ని తయారుచేశాడు. దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఆ రోజుల్లో గొలుసుల పళ్ళు మామూలు చేతి రంపం పళ్ళలాగానే కోసుగా ఉండేవి. అవి చెక్కను గీకేవి. త్వరగా మొద్దుబారేవి. వాటికి పదును పెట్టడం ఆరితేరినవారికి తప్ప చేతనయ్యేది కాదు.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ కాక్స్ ఈ బాధ పడినవాడే. 1946లో ఒకనాడు అతడు కట్టెలు కొడుతూ, ఒక మొద్దులో పాకుతున్న పురుగును చూశాడు. అది చెక్కను తొలిచే ఒక పెంకుపురుగు పిల్ల. వేలెడంత ఉన్న ఆ పురుగు గట్టి చెక్కను అడ్డంగానూ, నిలువుగానూ సునాయాసంగా తినేస్తోంది. కాక్స్ ఆశ్చర్యపోయి దాని దవడలను పరిశీలించాడు. అవి గీకడం లేదు. 'సి' అక్షరంలా వంగిన రెండు దవడలు ఒకసారి కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి చెక్కను ముక్కలుగా పెకలిస్తున్నాయి. కాక్స్ ఆ దవడలను ఉక్కులో దించాడు. 1947లో ఆ కొత్త గొలుసు అమ్మకానికి వచ్చింది. నేటి గొలుసు రంపాల పళ్ళన్నీ ఆ నమూనానుంచి వచ్చినవే.

ఇలాంటి పురుగును చూడటానికి మీరు ఓరెగాన్ దాకా పోనక్కరలేదు. మన మామిడి చెట్ల కాండాన్ని తొలిచే పురుగు కూడా ఆ కుటుంబానికి చెందినదే. పొడవాటి మీసాలున్న పెంకుపురుగుల కుటుంబం అది. మామిడి మాను మొదట్లో చెక్కపొడి రాలి ఉంటే, లోపల అది పని చేస్తోందని రైతుకు తెలుస్తుంది. రాలినదాన్ని చూసి లోపలి సంగతి చెప్పడం మేస్త్రి ఒక్కడికే తెలిసిన విద్య కాదన్న మాట!

పదును అంటే ఏమిటి?

బలం తక్కువ వైశాల్యం మీద పనిచేస్తే పీడనం ఎక్కువవుతుందని మీరు పాఠంలో చదివారు. ఆ సూత్రాన్ని ఇక్కడ వాడి చూద్దాం. ఒక పన్ను అంచు పొడవు 8 మిల్లీమీటర్లు అనుకోండి. పదునుగా ఉన్నప్పుడు దాని మందం మిల్లీమీటరులో నూరోవంతు, మొద్దుబారాక పదోవంతు అనుకుందాం. దానిమీద 10 న్యూటన్ల బలం, అంటే ఇంచుమించు ఒక కిలో బరువు, పడితే పీడనం ఎంత?

పదునైన అంచు వైశాల్యం 0.08 చదరపు మిల్లీమీటరు. పీడనం 12 కోట్ల 50 లక్షల పాస్కల్‌లు. ఇది వాతావరణ పీడనానికి 1250 రెట్లు! మొద్దు అంచు వైశాల్యం 0.8 చదరపు మిల్లీమీటరు. పీడనం అందులో పదోవంతే. అదే పీడనం మళ్ళీ రావాలంటే ఒక కిలో బరువుకు బదులు పది కిలోల బరువు వేయాలి. మా సందులోని కుర్రవాళ్ళు చేసింది అదే. పదును చేయవలసిన పనిని భుజాలతో చేయబోయారు.

చేసి చూడండి: ఉడికించి వలిచిన కోడిగుడ్డును సన్నని దారంతో కోయండి. ఎంత సులువుగా తెగుతుందో! ఇంకొక గుడ్డును అర అంగుళం వెడల్పున్న రిబ్బనుతో కోయడానికి ప్రయత్నించండి. తెగదు, నలుగుతుంది. చేతి బలం ఒకటే, వైశాల్యమే మారింది.

పన్ను పదునుగా ఉందో లేదో కంటితో చూసి చెప్పవచ్చును. దీనికి కాంతిశాస్త్రం సాయపడుతుంది. మొద్దుబారిన అంచు గుండ్రబడి ఉంటుంది కనుక ఎండలో పట్టుకుని చూస్తే ఆ గుండ్రని భాగం కాంతిని పరావర్తనం చేస్తుంది. సన్నని తెల్లగీత మెరుస్తుంది. పదునైన అంచుమీద కాంతిని తిప్పి పంపడానికి తగినంత వెడల్పే లేదు. కనుక అక్కడ మెరుపు కనబడదు. మన వాడుకలో తళతళలాడే కత్తి అంటే పదునైన కత్తి. కానీ అంచు వరకు చూస్తే, మెరిసే అంచే మొద్దు అంచు! ఇంట్లో కత్తిపీటను అమ్మ దగ్గరుండి చూపిస్తుండగా ఎండలో పరిశీలించండి. వేలితో మాత్రం తాకకండి.

పళ్ళు ఎందుకు మొద్దుబారతాయి?

చెక్క ఉక్కుకంటె ఎంతో మెత్తన. మరి ఉక్కును మొద్దుబార్చేది ఏది? చాలావరకు మట్టి. మట్టిలో ఇసుక ఉంటుంది. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం. ఖనిజాల కఠినత్వాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ మానంలో క్వార్ట్జ్ స్థానం 7. గట్టిపరచిన ఉక్కు కూడా దానికి ఒక మెట్టు దిగువనే ఉంటుంది. అంటే ఒక ఇసుక రేణువు ఉక్కుమీద గీత పెట్టగలదు. విశాఖ తీరపు ఇసుకలో గార్నెట్ రేణువులు కూడా కలిసి ఉంటాయి. వాటి కఠినత్వమూ ఆ దరిదాపులలోనే ఉంటుంది.

తుఫానులో వేళ్ళతో లేచిన చెట్టుకు మట్టి, రాళ్ళు అంటుకుని ఉంటాయి. మాను నేలమీదనే పడి ఉంటుంది. కోత చివరికి వచ్చి, రంపం ఒక్క క్షణం నేలను తాకిందనుకోండి. సెకనుకు 500 పళ్ళు అని లెక్క వేశాం కదా! గొలుసులోని 28 పళ్ళూ పూర్తిగా ఒకసారి తిరిగి రావడానికి సెకనులో ఇరవయ్యోవంతు చాలు. కన్ను ఆర్పేలోగా పళ్ళన్నీ చెడిపోతాయి. నగరాల్లో ఇంకొక శత్రువు ఉంది. రోడ్డు పక్క చెట్లకు ప్రకటనల బోర్డులు తగిలించి మేకులు కొడతారు. చెట్టు పెరుగుతూ ఆ మేకును తనలోకి మింగేస్తుంది. ఏళ్ళ తరువాత ఆ మేకు రంపానికి ఎదురవుతుంది. అప్పుడు పన్ను మొద్దుబారడమే కాదు, ఒక్కోసారి విరుగుతుంది కూడా.

ఆకురాయి ఎలా పట్టాలి?

ఇప్పుడు మేస్త్రి పక్కన కూర్చుని ఆయన చేసిన పనిని ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, మోటారు ఆపడం. ఆపడమే కాదు, స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీయాలి. కరెంటు రంపమైతే ప్లగ్గును గోడనుంచి తీసివేయాలి. చేతులకు మందపాటి తొడుగులు ఉండాలి. పలకను పట్టుగర్రలో బిగించాలి. గొలుసు వదులుగా ఉంటే పన్ను ఊగుతుంది, ఆకురాయి ఒకచోట నిలవదు. కనుక దాన్నీ కాస్త బిగించాలి. నూనెతో కలిసి పేరుకున్న చెక్కపొడిని తుడిచివేయాలి.

రెండవది, సరైన ఆకురాయి ఎంచుకోవడం. ఇది పెన్సిలులా గుండ్రంగా ఉండే ఆకురాయి. గొలుసు పరిమాణాన్ని బట్టి దీని వ్యాసం సాధారణంగా 4 మిల్లీమీటర్లనుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఏ గొలుసుకు ఏ వ్యాసమో గొలుసు పెట్టెమీద రాసి ఉంటుంది. వ్యాసం ఎక్కువైతే అంచు బొద్దుగా తయారై చెక్కలోకి దిగదు. తక్కువైతే అంచు కొక్కెంలా లోపలికి తొలుచుకుపోయి, మరీ పలచబడి, త్వరగా చెడిపోతుంది.

మూడవది, ఎత్తు. ఆకురాయిని పన్ను నోట్లో పెట్టినప్పుడు దాని వ్యాసంలో అయిదోవంతు పైకప్పుకంటె పైకి కనబడాలి. 5 మిల్లీమీటర్ల ఆకురాయి అయితే ఒక మిల్లీమీటరన్న మాట.

నాలుగవది, కోణం. చాలా గొలుసులకు ఇది 30 డిగ్రీలు, కొన్నింటికి 25. పలకకు లంబంగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీతనుంచి 30 డిగ్రీలు వాలుగా ఆకురాయి కదలాలి. మీ జామెట్రీ పెట్టెలోని మూలమట్టాలలో ఒకదాని కొన 30 డిగ్రీలే. దాన్ని కాగితం మీద పెట్టి గీసి, ఆ వాలు ఎంత ఉంటుందో కంటికి అలవాటు చేసుకోండి. పైకప్పుమీదనే ఆ కోణం చూపే గీత చెక్కిన గొలుసులు కూడా ఉన్నాయి.

అయిదవది, రుద్దడం. ఆకురాయి పన్ను లోపలినుంచి బయటికి, ముందుకు మాత్రమే పోవాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తి తేవాలి. ఎందుకంటే ఆకురాయి పళ్ళు కూడా ఒకే వైపు వాలి ఉంటాయి. వెనక్కి ఈడిస్తే ఉక్కు తెగదు సరికదా, ఆకురాయే అరిగిపోతుంది. ఇది దువ్వెన కాదు, ముందుకూ వెనక్కూ లాగడానికి! మామూలుగా ఒక్కో పన్నుకు రెండు మూడు సార్లు చాలు.

ఆరవది, లెక్క. ముందుగా అన్నింటికంటె ఎక్కువ చెడిన పన్నును వెదకాలి. అది బాగుపడటానికి ఎన్నిసార్లు రుద్దవలసి వచ్చిందో, మిగతావాటినీ అంత పొడవుకే తేవాలి. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాక రంపాన్ని తిప్పి రెండో వైపు చేయాలి. మేస్త్రి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకోవడం నేను చూశాను. కుడి పళ్ళు పొడవుగా, ఎడమ పళ్ళు పొట్టిగా ఉంటే ఏమవుతుంది? పొడవైన పళ్ళు ఎక్కువ తురుము లేపుతాయి. రెండు వైపులా బలాలు సమంగా ఉండవు. కోత నిటారుగా దిగక, ఒక పక్కకు వంకరపోతుంది. పలక ఆ వంకరలో ఇరుక్కుంటుంది.

లోతు గుబ్బ రహస్యం

పళ్ళన్నీ పదునెక్కాయి. ఇక కోయవచ్చా? కుర్రవాళ్ళు అలాగే అనుకుని రంపం అందుకోబోయారు. మేస్త్రి ఆగమన్నాడు. సంచిలోంచి బల్లపరుపుగా ఉండే ఇంకొక ఆకురాయి తీశాడు.

మీ పెన్సిలు చెక్కుకునే షార్పనరును తీసి చూడండి. బ్లేడు అంచు దాని ఒంటికంటె వెంట్రుకవాసి మాత్రమే పైకి ఉంటుంది. ఆ కొద్దిపాటి ఎత్తే పెన్సిలు పొట్టు మందాన్ని నిర్ణయిస్తుంది. అంచు ఒంటితో సమానంగా ఉంటే పెన్సిలు ఊరికే తిరుగుతుంది, ఏమీ తెగదు. మరీ పైకి ఉంటే బ్లేడు లోతుగా కరిచి, ముల్లు విరుగుతుంది. వడ్రంగి చిత్రిక పట్టే తోపడాలో కూడా ఇదే ఏర్పాటు. ఉలి ఎంత బయటికి ఉంటే అంత మందం పొట్టు లేస్తుంది.

గొలుసు రంపంలో ఆ పని లోతు గుబ్బది. అది పన్ను అంచుకంటె కొంచెం కిందికి ఉంటుంది. చాలా గొలుసులలో ఈ తేడా 0.65 మిల్లీమీటరు. గుబ్బ చెక్కమీద జారుతూ, వెనుక వచ్చే పన్నును "ఇంతకంటె లోతుకు దిగవద్దు" అని ఆపుతుంది. కనుక గొలుసు రంపంలోని ఒక్కొక్క పన్నూ ఒక్కొక్క చిన్న తోపడా అన్న మాట.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. పన్ను పైకప్పు వెనక్కి పోయేకొద్దీ కొంచెం కిందికి వాలి ఉంటుంది, పెంకుటింటి చూరులాగా. ముందు అంచు మాత్రమే చెక్కను తాకాలి, వెనుక భాగం ఒరుసుకోకూడదు కనుక అలా చేస్తారు. పదును పెట్టిన ప్రతిసారీ అంచు కాస్త వెనక్కి జరుగుతుంది. కప్పు వాలుగా ఉంది కనుక, వెనక్కి జరిగిన అంచు కిందికి కూడా దిగుతుంది. లోతు గుబ్బ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. అంటే పదును పెట్టేకొద్దీ ఆ రెంటి మధ్య తేడా 0.65నుంచి 0.5కు, 0.4కు తగ్గిపోతుంది. పన్ను ఎంత పదునుగా ఉన్నా చెక్కను అందుకోలేదు! "ఇప్పుడే పదును పెట్టించాను, అయినా కోయటం లేదు" అని వాపోయేవారి రంపంలో జరిగేది చాలాసార్లు ఇదే.

అందుచేత మూడు నాలుగుసార్లు పదును పెట్టాక ఒకసారి గుబ్బ ఎత్తును చూసి సరిచేయాలి. దీనికి గాడి ఉన్న ఒక చిన్న కొలత రేకు దొరుకుతుంది. దాన్ని గొలుసుమీద పెడితే, గుబ్బ పైకి పొడుచుకు వచ్చినంత మేర బల్లపరుపు ఆకురాయితో అరగదీస్తారు. తరువాత గుబ్బ ముందుమూలను మళ్ళీ గుండ్రంగా చేస్తారు. ఎక్కువ కోస్తుంది కదా అని గుబ్బను మరీ తగ్గించకూడదు. అప్పుడు పన్ను అవసరానికి మించి లోతుగా కరిచి, రంపాన్ని ఒక్కసారిగా మనిషి మీదికి ఎగదన్నే ప్రమాదం ఉంది.

మరచక్రం మీద పెడితే?

ఆకురాయితో అరగంట కష్టపడటం ఎందుకు, కరెంటు సానచక్రంమీద పెడితే అయిదు నిమిషాల్లో అయిపోదా అని మీరు అడగవచ్చు. చేస్తారు, కానీ జాగ్రత్త తెలిసినవారే చేయాలి. ఇనుములో కొద్దిపాటి కర్బనం కలిస్తే ఉక్కు అవుతుంది. ఉక్కును ఎర్రగా కాల్చి చప్పున చల్లార్చితే చాలా గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. దాన్ని మళ్ళీ కొద్దిగా వేడిచేస్తే పెళుసుదనం తగ్గుతుంది, గట్టిదనం కూడా కొంత తగ్గుతుంది. కొలిమి దగ్గర కమ్మరి చేసేదీ, పెద్ద కర్మాగారాల్లో చేసేదీ ఈ పనే. పన్నును ఈ రెంటి మధ్య సరిగ్గా తూచి తయారుచేస్తారు. ఆకురాయిని పన్నుకంటె ఇంకా గట్టిగా చేస్తారు. అందుకే అది పన్నును కోయగలదు. అందుకే అది కిందపడితే పుటుక్కున విరుగుతుంది కూడా.

సానచక్రం ఒత్తిడికి పన్ను అంచు బాగా వేడెక్కిందనుకోండి. సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉక్కుమీద నీలిరంగు కనబడుతుంది. ఆ రంగు కనబడిందంటే అక్కడి గట్టిదనం కొంత పోయిందని గుర్తు. అలాంటి అంచు ఎంత సాన పట్టినా నిలవదు. చేతితో రుద్దే ఆకురాయి పన్నును అంతగా వేడెక్కించదు. నిదానంగా సాగడం అక్కడ లాభమే.

మొద్దు రంపమే ప్రమాదం

పదునైన రంపం ప్రమాదమని, మొద్దుది అంత ప్రమాదం కాదని మనకు అనిపిస్తుంది. నిజం దానికి విరుద్ధం. పదునైన రంపాన్ని మనిషి దారి చూపిస్తూ పట్టుకుంటే చాలు. మొద్దు రంపాన్ని నెట్టాలి. నెట్టే మనిషి బరువంతా ముందుకు వాలి ఉంటుంది. పట్టు జారితే తనను తాను ఆపుకోలేడు. చేతులు త్వరగా అలసిపోతాయి. ఘర్షణ వల్ల గొలుసు, పలక కాలిపోయేంత వేడెక్కుతాయి. వేడికి గొలుసు సాగి వదులవుతుంది. గాడి తప్పవచ్చును కూడా.

మా సందులో ఆనాడు ఇవన్నీ మొదలయ్యాయి. పొగ వస్తున్న రంపాన్ని ఒక కుర్రవాడు పొట్టతో నెడుతూ ఉండగా అతని చెప్పు తడిమట్టిలో జారింది. రంపం మానులోనే చిక్కుకుని ఉండటంవల్ల గండం గడిచింది. మేస్త్రి ముందుకు వచ్చి పొడిని పిడికిట పట్టింది ఆ తరువాతనే. ఆయన ఫిజిక్సు పుస్తకం చదివి ఉండడు. కానీ పీడనం, కోణం, ఘర్షణ, కఠినత్వం ఆయన చేతివేళ్ళలో ఉన్నాయి. పరీక్షకోసం మనం వల్లెవేసే సూత్రాలు ఆ పూట ఒక సందుకు దారి ఇచ్చాయి. చీకటిపడే వేళకు మా సందు చివరి ఇంట్లోని జబ్బుమనిషిని ఆటోలో ఆసుపత్రికి పంపగలిగాం.

ఈసారి ఎక్కడైనా చెట్టు కోస్తూ ఉంటే, దూరంగా నిలబడి కింద రాలేదాన్ని గమనించండి. తురుము పడుతోందా, పిండి పడుతోందా? పిండి పడుతుంటే, రంపం పట్టుకున్నవారు ఆపినప్పుడు ఆ మాట చెప్పండి.

ఆలోచించి చెప్పండి

1. ఒక గొలుసు రంపం కోత ఎప్పుడూ ఎడమ వైపుకే వంకరపోతోంది. ఏ వైపు పళ్ళు పొట్టిగా ఉండవచ్చు?

2. పళ్ళు పదునుగా ఉన్నాయి. అంచుమీద తెల్లగీత కనబడటం లేదు. అయినా రంపం కోయటం లేదు. మీరు ఏ భాగాన్ని పరీక్షించమంటారు?

3. మన లెక్కలోని చక్రానికి 7 పళ్ళకు బదులు 8 పళ్ళు ఉంటే గొలుసు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు అవుతుంది?

4. చేతి రంపంలో పళ్ళను ఒకదాన్ని కుడికి, ఒకదాన్ని ఎడమకు కాస్త వంచుతారు. ఎందుకు? గొలుసు రంపంలో ఆ పనిని ఏది చేస్తోంది?